మీకు తెలుసా? చదివితేనే బయటపడే బ్యాడ్ సెక్టార్

హార్డ్ డిస్క్‌లో ఒక సెక్టార్ పాడైతే ఆ సంగతి డిస్క్‌కి కూడా వెంటనే తెలియదు. ఆ చోటును చదవబోయినప్పుడే తెలుస్తుంది. ఐదేళ్ల కిందటి పెళ్లి వీడియోను ఇప్పటిదాకా ఎవరూ తెరవలేదంటే, అందులో చెడిన సెక్టార్ కూడా చడీచప్పుడు లేకుండా అలాగే పడి ఉంటుంది. పాడైందని తెలిశాక కూడా, లోపలి డేటా దక్కకపోతే, డిస్క్ ఆ చోటును తనంతట తాను మార్చదు. అక్కడ కొత్తగా ఏదైనా రాసినప్పుడే మారుస్తుంది. చదివితే బయటపడుతుంది, రాస్తే సర్దుకుంటుంది. లైనక్స్ సర్వర్‌లోనో, ఆఫీసు మూలన పెట్టిన నాస్ అనే స్టోరేజ్ పెట్టెలోనో డిస్క్ ఎర్రర్ కనిపిస్తే ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో, ఈ ఒక్క ముక్క నుంచే తేలుతుంది. అన్నట్టు సైనాలజీ, క్యూనాప్ పెట్టెల్లో నడిచేదీ లైనక్సే. కాబట్టి ఈ కబుర్లు సర్వర్ అడ్మిన్లకే కాదు, వేల పెళ్లిళ్ల ఫొటోలు దాచుకున్న స్టూడియో వాళ్లకూ పనికొస్తాయి.

ఒక సెక్టార్ పోతే ఎంత పోయినట్టు?

పాత లెక్కలో సెక్టార్ అంటే 512 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. అంటే 170 గుర్తులు, ఓ చిన్న పేరా. 2011 నుంచి డిస్క్ కంపెనీలు 4096 బైట్ల సెక్టార్‌కి మారాయి. అయితే పాత సాఫ్ట్‌వేర్ ఇబ్బంది పడకూడదని చాలా డిస్కులు బయటికి ఇంకా 512 లెక్కే చెబుతాయి. లోపల ఒక్క సెక్టార్ చెడితే లాగ్‌లో వరసగా ఎనిమిది నంబర్లు ఎర్రర్ చూపడానికి కారణం ఇదే. ఎనిమిది చోట్ల చెడిందని కంగారు పడనక్కర్లేదు.

ఇందులోనే ఒక చిక్కు కూడా ఉంది. ఆ ఎనిమిదిలో ఒక్కదాని మీదే రాయబోతే, మిగతా ఏడింటిని నిలబెట్టడానికి డిస్క్ ముందు మొత్తం 4096 బైట్లనూ చదవాలి. చదవలేకే కదా ఇదంతా. దాంతో రాయడం కూడా ఎర్రర్ అవుతుంది, చూసేవాళ్లు డిస్క్ పూర్తిగా పోయిందనుకుంటారు. ఎనిమిదింటినీ కలిపి ఒకేసారి రాస్తే పని జరిగిపోతుంది.

కొత్త డిస్కులోనూ బ్యాడ్ సెక్టార్లు ఉంటాయి

ఫ్యాక్టరీ నుంచి లోపం లేకుండా వచ్చే డిస్క్ దాదాపు ఉండదు. 1980ల డిస్కుల పైన ఒక కాగితం అంటించి ఉండేది. ఏ సిలిండర్, ఏ హెడ్ దగ్గర లోపముందో దాని మీద అచ్చయి ఉండేది. ఫార్మాట్ చేసేటప్పుడు ఆ అంకెల్ని మనిషే కూర్చుని టైపు చేయాలి. ఇప్పుడు ఆ పట్టిక డిస్క్ లోపలే ఉంది. పుట్టుకతో వచ్చిన లోపాలు పీ-లిస్ట్‌లో, వాడకంలో వచ్చినవి జీ-లిస్ట్‌లో చేరతాయి. చెడిన సెక్టార్లకు బదులుగా వాడేందుకు కొన్ని స్పేర్ సెక్టార్లు పక్కన పెట్టి ఉంటాయి. ఇల్లు మారినవాళ్లకు పాత అడ్రసు మీద వచ్చిన ఉత్తరాన్ని కూడా సరిగ్గా అందించే పోస్ట్‌మన్‌లా, డిస్క్ ఫర్మ్‌వేర్ పాత నంబరుతో అడిగినా కొత్త చోటు నుంచే తెచ్చి ఇస్తుంది. లైనక్స్‌కి ఈ మార్పు కనపడదు.

197 పెరిగితే కంగారు, తగ్గితే కుతూహలం

డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే చిట్టాను స్మార్ట్ అంటారు. దాన్ని లైనక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో చూస్తాం. అందులో ముందు చూడాల్సిన వరసలు మూడు. 5వ నంబరు, ఇప్పటిదాకా స్పేర్ చోటుకు మార్చిన సెక్టార్ల లెక్క. 197వ నంబరు, చదవలేకపోయినా ఇంకా ఏమీ తేల్చని సెక్టార్ల లెక్క. దీన్నే పెండింగ్ అంటారు. 198, డిస్క్ తీరిక వేళ తనను తాను పరీక్షించుకున్నప్పుడు దక్కనివి.

పెండింగ్ అన్న మాట అక్షరాలా నిజం. ప్రతి సెక్టార్ పక్కనా ఎర్రర్ సరిచేసే కోడ్ ఉంటుంది. దాని సాయంతో డేటా దక్కితే, చోటు బలహీనంగా ఉందని గమనించిన డిస్క్ ఆ డేటాను తీసుకెళ్లి స్పేర్‌లో పెట్టుకోగలదు. దక్కకపోతే మాత్రం ఆగిపోతుంది. ఎందుకంటే అక్కడేముందో తెలియకుండా కొత్త చోటుకు మార్చేస్తే, మీరు అడిగినప్పుడు ఖాళీనో చెత్తనో సరైన డేటా అన్నట్టు ఇవ్వాల్సి వస్తుంది. అబద్ధం చెప్పడం కంటే ఎర్రర్ ఇవ్వడం మేలని డిస్క్ తయారుచేసినవాళ్లు నిర్ణయించారు. ఎంత మంచి నిర్ణయమో డేటా పోగొట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. మళ్లీ ప్రయత్నిస్తే పదోసారో వందోసారో ఆ సెక్టార్ చదవగలిగే అవకాశం ఇంకా మిగిలే ఉంటుంది.

ఇక ఆ చోట మీరు కొత్త డేటా రాశారనుకోండి. పాతదాని అవసరం తీరిపోయింది కాబట్టి డిస్క్ ముందు అదే చోట రాసి, తిరిగి చదివి చూస్తుంది. సరిగ్గా వస్తే పెండింగ్ లెక్క ఒకటి తగ్గుతుంది, 5వ నంబరు కదలదు. రాకపోతే స్పేర్‌కి మారుస్తుంది, 5వ నంబరు ఒకటి పెరుగుతుంది. మొదటి రకం మనకు అరుదేమీ కాదు. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే డేటా ఒకటి, దాని కోడ్ ఇంకొకటి అయి కూర్చుంటాయి. అక్కడ డిస్క్ లోపలి పళ్లెం మీద గీతా లేదు, మచ్చా లేదు. కొత్తగా రాస్తే చాలు, సెక్టార్ బాగైపోతుంది. యూపీఎస్ లేని చోట నడిచే పెట్టెల్లో పెండింగ్ ఒకటో రెండో కనపడగానే డిస్క్ మార్చేయాలనడం తొందరపాటే. వారం వారం పెరుగుతుంటే మాత్రం ఉపేక్షించకూడదు.

ఇంకో మాట. కొన్ని సీగేట్ డిస్కుల్లో 1వ నంబరు, 7వ నంబరు దగ్గర కోట్లలో అంకెలు కనిపిస్తాయి. చూసి గుండె గుభేలుమంటుంది. అవి ఎర్రర్ల లెక్క కాదు. ఎర్రర్లూ, మొత్తం జరిగిన పనుల లెక్కా ఒకే పెద్ద అంకెలో ఇమిడి ఉంటాయి.

తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు

కెర్నల్ లాగ్‌ను డీమెసేజ్ కమాండ్‌తో తెరిస్తే, చూడ్డానికి ఒకేలా ఉండే ఎర్రర్లు రెండు రకాలు కనిపిస్తాయి. యూఎన్‌సీ అని ఉంటే డిస్క్ తన పళ్లెం మీది సెక్టార్‌ను చదవలేకపోయిందని అర్థం. ఐసీఆర్‌సీ అని ఉంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెదిరిందని అర్థం. రెండోదానికి ముందుగా అనుమానించాల్సింది సాటా కేబుల్‌ని. వదులైన కనెక్టర్, మడత పడిన కేబుల్, ఒక్కోసారి నీరసించిన పవర్ సప్లై. స్మార్ట్ చిట్టాలో దీని లెక్క 199వ నంబరు. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు, అది జీవితకాలపు లెక్క. మార్చిన తర్వాత ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. తక్కువ ధర కేబుల్ పుణ్యాన మంచి డిస్కులు వారంటీకి వెళ్లి, ఏ లోపమూ లేదని తిరిగి వస్తుంటాయి.

ఆ సెక్టార్ ఎవరి ఇంట్లో ఉంది?

లాగ్‌లో ఇలా వచ్చిందనుకుందాం: ఐ/ఓ ఎర్రర్, డెవ్ ఎస్‌డీబీ, సెక్టార్ 10002048. ఈ అంకె నుంచి ఫైల్ పేరు పట్టుకోవచ్చు. ఇప్పటి డిస్కుల్లో మొదటి పార్టిషన్ సాధారణంగా 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. అది తీసేస్తే 1,00,00,000. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో బ్లాక్ సాధారణంగా 4096 బైట్లు, అంటే ఎనిమిది సెక్టార్లు. ఎనిమిదితో భాగిస్తే 12,50,000. ఇదీ బ్లాక్ నంబరు. ఇప్పుడు డీబగ్‌ఎఫ్ఎస్ అనే పనిముట్టు తెరిచి, ఐచెక్ అని ఈ నంబరు ఇస్తే ఐనోడ్ నంబరు, అంటే ఫైల్ సిస్టమ్ ఆ ఫైల్‌కి ఇచ్చుకున్న నంబరు, చెబుతుంది. ఆ ఐనోడ్‌ను ఎన్‌చెక్‌కి ఇస్తే ఫైల్ పేరు, దారితో సహా వచ్చేస్తుంది.

ఇంత శ్రమ దేనికంటే, జవాబును బట్టి పరిస్థితి పూర్తిగా మారిపోతుంది కనుక. ఆ బ్లాక్ ఏ ఫైల్‌కీ, ఫైల్ సిస్టమ్ సొంత పట్టికలకూ చెందకపోతే నష్టం సున్నా, ధైర్యంగా దాని మీద రాయొచ్చు. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌లో భాగమైతే ప్యాకేజీ మళ్లీ వేసుకుంటే సరిపోతుంది. బ్యాకప్ ఉన్న ఫైలైతే దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. డేటాబేస్ ఫైల్ అయితే ఇక దాన్ని ముట్టుకోకుండా ముందు కాపీ సంగతి చూడాలి. డిస్కుల్ని కలిపి వాడే ఎల్‌వీఎం, రెయిడ్ పొరలు మధ్యలో ఉంటే ఈ లెక్క ఇంత సులువుగా తేలదు, ప్రతి పొర మొదలయ్యే చోటును కలుపుకుంటూ రావాలి.

ముందు కాపీ, ఆ తర్వాతే రిపేరు

డిస్క్ ఎర్రర్ రాగానే చాలామంది చేయి వెళ్లేది ఎఫ్ఎస్‌సీకే మీదికి. దయచేసి వద్దు. అది ఫైల్ సిస్టమ్ పట్టికల్ని సరిచేసే పనిముట్టు, పళ్లేన్ని కాదు. చదవలేని చోట తనకు తోచినట్టు రాసుకుంటూ పోతుంది. రాస్తే ఏమవుతుందో పైన చూశాం: దక్కే అవకాశమున్న పాత డేటా శాశ్వతంగా పోతుంది. డైరెక్టరీ బ్లాక్ ఒకటి చెడితే దాని కింది ఫైళ్లన్నీ పేర్లు పోగొట్టుకుని లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో అంకెలుగా తేలతాయి.

చేయాల్సింది డిస్క్‌ను మౌంట్ నుంచి తీసేసి, కనీసం అంతే పరిమాణమున్న ఇంకో డిస్క్ మీదికి గ్నూ డీడీరెస్క్యూతో కాపీ తీయడం. అంటోనియో దియాజ్ దియాజ్ రాసిన ఈ ప్రోగ్రామ్ గొప్పతనమంతా అది పాటించే వరసలో ఉంది. మామూలు కాపీ కమాండ్ ఎర్రర్ దగ్గర ఆగిపోతుంది, లేదా అక్కడే కొట్టుకుంటుంది. డీడీరెస్క్యూ చెడిన చోటు తగలగానే దాన్ని గుర్తు పెట్టుకుని దాటేస్తుంది, తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చేస్తుంది. ఆ తర్వాత చెడిన చోటు అంచుల్ని సవరిస్తుంది, ఆపైన లోపలి సెక్టార్లను ఒక్కొక్కటిగా గీకుతుంది, చివరికి మీరు అడిగితేనే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి మిగిలిన ఆయుష్షును ఇంతకంటే పొదుపుగా వాడే పద్ధతి నేను చూడలేదు. ఎక్కడెక్కడ ఏం జరిగిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు. అందుకే మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వకుండా దాన్ని నడపకూడదు.

ఎఫ్ఎస్‌సీకే నడపాలంటే ఆ కాపీ మీద నడపండి. తప్పు జరిగితే ఇంకో కాపీ తీసుకోవచ్చు. డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే మాత్రం ఇదీ వద్దు. అది డేటా చదివే హెడ్ జబ్బు, వెంటనే పవర్ తీసి రికవరీ నిపుణులకు ఇవ్వాలి. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందన్న చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. బయటికి తీయగానే పట్టే చెమ్మ, మిగిలిన ఆశను కూడా తుడిచేయగలదు.

7 సెకన్లకూ 30 సెకన్లకూ మధ్య

పలు డిస్కుల్ని ఒకటిగా కట్టే రెయిడ్, మంచి డిస్కుల్ని కూడా ఎందుకు బయటికి తోసేస్తుందో చెప్పే కథ ఇది. డెస్క్‌టాప్ డిస్క్ ఒంటరిగా పనిచేస్తుందని దాని తయారీదారు అనుకుంటాడు. వేరే కాపీ ఉండదు కాబట్టి చెడిన సెక్టార్ కోసం నిమిషం, రెండు నిమిషాలు కూడా పట్టువదలకుండా ప్రయత్నిస్తుంది. అంతసేపూ ఇంకే ప్రశ్నకూ పలకదు. లైనక్స్ కెర్నల్ మామూలుగా 30 సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే లింక్‌ను రీసెట్ చేస్తుంది. అప్పటికీ పలకకపోతే సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఆ డిస్క్‌ను పోయినట్టు లెక్కవేసి బయట పెడుతుంది. ఒక్క సెక్టార్ కోసం మొత్తం డిస్క్ పోయింది.

సర్వర్లకూ, నాస్ పెట్టెలకూ చేసిన డిస్కులు సాధారణంగా 7 సెకన్లకే చేతులెత్తేసి నిజం చెబుతాయి. అప్పుడు లైనక్స్ రెయిడ్ చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. మిగతా డిస్కుల నుంచి ఆ సెక్టార్‌లో ఉండాల్సిన డేటాను లెక్కగట్టి, అడిగినవాళ్లకు ఇచ్చి, అదే డేటాను చెడిన చోట తిరిగి రాస్తుంది. రాయగానే డిస్క్ సర్దుకుంటుంది. వాడుతున్నవాళ్లకు ఏమీ తెలియదు.

మీ డిస్క్‌కి ఈ గడువు పెట్టే వీలుంటే స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీఈఆర్‌సీ అనే ఆప్షన్‌కి 70 అని ఇవ్వాలి. లెక్క సెకనులో పదో వంతుల్లో. వీలు లేకపోతే కెర్నల్ గడువునే 180 సెకన్లకు పెంచాలి. మొదటిది డిస్క్‌కి పవర్ తీస్తే పోతుంది, రెండోది రీబూట్‌తో పోతుంది. కాబట్టి బూట్ అయినప్పుడల్లా నడిచే స్క్రిప్ట్‌లో పెట్టుకోవాల్సిందే. నన్నడిగితే లైనక్స్ రెయిడ్ కట్టేవాళ్లు మొట్టమొదట నేర్చుకోవాల్సింది ఈ రెండు అంకెల సంగతే.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. ఒక డిస్క్ పోయినా తట్టుకునే రెయిడ్ 5లో ఒక డిస్క్ బయటికి వెళ్లింది, కొత్తది పెట్టారు. దాన్ని నింపడానికి మిగతా డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని మూలలో దాగిన బ్యాడ్ సెక్టార్ సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని ఎర్రర్ 10¹⁴ బిట్లకు ఒకటి మించదని రాస్తారు. అది 12.5 టెరాబైట్లు. ఇది హద్దు మాత్రమే, అసలు డిస్కులు చాలావరకు ఇంతకంటే మెరుగ్గానే ఉంటాయి. కానీ ఇవాళ ఒక్క డిస్కే అంతకంటే పెద్దదిగా దొరుకుతోంది.

నెల మొదటి ఆదివారం సర్వర్ ఎందుకు నెమ్మదిస్తుంది?

డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉంటే, నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక అన్ని డిస్కులనూ ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివే పరీక్ష దానంతట అదే మొదలవుతుంది. ఎవరూ తెరవని ఫైళ్లను కూడా చదివించడమే దీని ఉద్దేశం. దొరికిన బ్యాడ్ సెక్టార్లు పైన చెప్పిన పద్ధతిలో అప్పటికప్పుడు సర్దుకుంటాయి. సర్వర్ నెమ్మదించిందని విసుక్కుని ఈ పరీక్షను శాశ్వతంగా ఆపేసేవాళ్లున్నారు. అంతకంటే ఖరీదైన పొదుపు లేదు. జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లు వాడేవాళ్లకు ఇదే పని స్క్రబ్ పేరుతో ఉంది. వాటిలో ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ ఉంటుంది కాబట్టి రెండు కాపీలు తేడా వస్తే ఏది సరైనదో అవి చెప్పగలవు.

స్మార్ట్ అంతా బాగుందంటే నమ్మొచ్చా?

2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్కుల చరిత్రను ప్రచురించారు. స్కాన్‌లో మొదటి ఎర్రర్ కనిపించిన డిస్క్, రాబోయే 60 రోజుల్లో పోయే అవకాశం ఎర్రర్ లేని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. మొదటిసారి సెక్టార్ మార్చుకున్న డిస్క్‌కి 14 రెట్లు. అలాగని చిట్టా శుభ్రంగా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చా అంటే అదీ కాదు. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, గట్టివని తేలిన నాలుగు సూచనల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. హెచ్చరిక వస్తే నమ్మాలి, రాలేదని మాత్రం బ్యాకప్ మానకూడదు.

గురుత్వ తరంగాల వేటలో పుట్టిన పనిముట్టు

స్మార్ట్‌సీటీఎల్ ఉన్న స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్రాజెక్టును 2002లో మొదలుపెట్టినాయన బ్రూస్ అలెన్. ఆయన డిస్క్ కంపెనీ మనిషి కాదు, భౌతిక శాస్త్రవేత్త. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీ శాఖలో, గురుత్వ తరంగాల్ని వెతికే లైగో ప్రయోగం డేటాను జల్లెడ పట్టడానికి వందలాది లైనక్స్ కంప్యూటర్లను నడిపేవారు. అన్ని డిస్కులుంటే ఎప్పుడూ ఏదో ఒకటి పోతూనే ఉంటుంది, పోకముందే తెలియాలి. ఆ అవసరమే ఈ పనిముట్టయింది. ఇందులోని స్మార్ట్‌డీకి ఒక్క వరస రాసి పెడితే రోజూ తెల్లవారుజామున చిన్న పరీక్ష, ప్రతి శనివారం పెద్ద పరీక్ష తానే చేయిస్తుంది. పెద్ద పరీక్ష మొదటి చెడిన సెక్టార్ నంబరును చిట్టాలో రాసి పెడుతుంది.

కొన్ని చిన్న ముక్కలు

ఈఎక్స్‌టీ4లో రూట్ డైరెక్టరీ ఐనోడ్ నంబరు 2. మరి 1 ఎవరిది? బ్యాడ్ బ్లాకుల పట్టికది. డిస్కులు తమ లోపాల్ని తాము సర్దుకోలేని రోజుల నాటి ఏర్పాటు అది.

హెచ్‌డీపార్మ్ కమాండ్‌తో ఒక్క సెక్టార్ మీద సున్నాలు రాయొచ్చు. అయితే "ఎస్ ఐ నో వాట్ ఐ యామ్ డూయింగ్" అన్న ఆప్షన్‌ను పూర్తిగా టైపు చేస్తే గాని అది కదలదు.

బ్యాడ్‌బ్లాక్స్ కమాండ్ రాసి చూసే పరీక్షలో డిస్క్ మొత్తాన్నీ నాలుగు రకాల నమూనాలతో నింపి, నింపిన ప్రతిసారీ తిరిగి చదువుతుంది. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో 4 టెరాబైట్ల డిస్క్‌కి రెండున్నర రోజులు పడుతుంది. ఉన్న డేటా అంతా పోతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ డిస్క్‌కి, అందులో ఏమీ పెట్టకముందు, ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్ బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచారు. అరిచిన ప్రతిసారీ డిస్కులు జవాబిచ్చే సమయం గ్రాఫ్‌లో ఎగిసిపడింది. హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. ఆ అదురు చాలు.

తీసేసే ముందు

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు రీబూట్ అయితే తారుమారు కావచ్చు. చెడిన డిస్క్‌ను బయటికి లాగే ముందు స్మార్ట్‌సీటీఎల్ చూపే సీరియల్ నంబరు, డిస్క్ మీది స్టిక్కర్ నంబరు ఒకటేనా అని చూడాలి. ఒక డిస్క్ పోయిన రెయిడ్ 5లో పొరపాటున మంచిదాన్ని లాగితే అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది.

పాత డిస్క్‌ను అమ్మేముందు మొత్తం సున్నాలతో నింపినా, ఎప్పుడో స్పేర్‌కి మారిన సెక్టార్ల అసలు చోట్లు ఇంకా పళ్లెం మీదే ఉంటాయి. ఆ నంబర్లు ఇప్పుడు కొత్త చోటుకు పోతున్నాయి కాబట్టి మీ సున్నాలు అక్కడికి చేరవు. ఏటీఏ ప్రమాణంలోని ఎన్‌హాన్స్‌డ్ సెక్యూర్ ఎరేస్ ఆ విడిచిపెట్టిన చోట్లను కూడా తుడవాలని నియమం. మీ డిస్క్‌కి ఆ సౌకర్యం ఉందో లేదో హెచ్‌డీపార్మ్ చూపే వివరాల్లో, చివరన సెక్యూరిటీ అన్న భాగంలో ఉంటుంది.